పోగులు వేసిన గోలీలు

నల్గొండ దవాఖానలో నా నడుము కొలుస్తుంటే నర్సమ్మ చేతిలో టేపు అయిపోయిందని, రెండో టేపుకు మనిషిని పంపిందని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి చివర జానెడు మిగిలింది. నడుము, బీపీ, షుగర్, నెత్తుటిలో కొవ్వు నాలుగూ కూడబలుక్కుని పెరిగాయని డాక్టరమ్మ చెప్పింది. "షుగర్ ఇప్పుడు హద్దు మీద ఉంది. మూడు నెలల్లో తగ్గకపోతే గోలీలు మొదలుపెట్టాలి సార్. ఇక జీవితాంతం."

షుగర్‌తోనే మా బాపుకు కుడి పాదం తీసేశారు. ఆమె మాట పూర్తికాకముందే కుర్చీ కింద నా కాళ్లు ఊగడం మొదలైంది.

ఆమె ఒక పరీక్ష నడుపుతోంది. మెగ్నీషియం, జింక్, క్రోమియం లాంటి ఖనిజాల గోలీలు మాలాంటి వాళ్లకు పనిచేస్తాయా అని. సగం మందికి అసలు గోలీ, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి గోలీ. ఎవరి డబ్బాలో ఏముందో ఆమెకూ తెలియదు. నేను, చౌటుప్పల్ మందుల కంపెనీలో పనిచేసే మా బామ్మర్ది ఒకే రోజు చేరాం. అతని పొట్ట అతనికంటే అరగంట ముందే గదిలోకి వస్తుంది.

ఆ రోజు నుంచి నాకు నిలకడ లేదు. డబ్బా ఊపి చప్పుడు విన్నాను. గోలీని ఎండకు పెట్టి చూశాను. ఒకదాన్ని చీమల దారిలో పెట్టాను. ఇంట్లోని చీమలన్నీ సమావేశమై, చుట్టూ తిరిగి, ఏ తీర్మానమూ చేయకుండానే వెళ్లిపోయాయి. దాన్ని తుడిచి నేనే మింగాను.

ఆదివారం బామ్మర్ది తన డబ్బాతో వచ్చాడు. కంపెనీ మనిషి కదా, పోలుస్తాడనుకున్నాను. నా గోలీ నాలుక మీద పెట్టుకుని కళ్లు మూశాడు.

"ఏం తెలుస్తలేదు బావ. నువ్వు పిండి తిని నేను మందు తింటే అక్క నన్ను బతకనిస్తదా?"

"నువ్వే పిండి తింటుంటే?"

"గదే నా ఫికర్."

మా దిక్కు నలుగురు కలిసి యాటను కోస్తే మెత్తని మాంసం, ఎముక, కొవ్వు అన్నీ కలిపి సమానంగా పోగులు వేస్తారు. ఎవరికీ అన్యాయం జరగదు. ఇద్దరికీ ఒకేసారి అదే తోచింది. రెండు డబ్బాలూ పళ్లెంలో కుమ్మరించి, బాగా కలిపి, రెండు పోగులు పెట్టాం.

"మందులు గట్ల కలుపుతరా ఎవరన్న?" అంది మా ఆవిడ.

"న్యాయం గిట్లనే ఉంటది అక్క," అన్నాడు బామ్మర్ది.

నెలనెలా కొత్త డబ్బాలు రాగానే అదే పంపకం.

మూడు నెలలు నిండాక మళ్లీ నెత్తురు ఇచ్చాం. నర్సమ్మ డబ్బాల్లో మిగిలిన గోలీలు లెక్కపెట్టింది. ఒక్కటీ తేడా లేదు. డాక్టరమ్మ మురిసిపోయింది. "అందరూ మీలాగ వేసుకుంటే ఎంత బాగుండు. పనిచేస్తాయని తేలితే ఊళ్లల్ల పేదోళ్లకు ఇప్పించమని అడగొచ్చు."

నా కాళ్లు ఊగాయి. బామ్మర్ది నా తొడ గట్టిగా నొక్కాడు. బతుకంతా లేనిది ఉన్నట్టు చెప్పినవాణ్ణి, ఉన్నది చెప్పడానికి నాలుకను బలవంతంగా తిప్పాను.

"మేడం, మేం రెండు డబ్బాలూ కలిపినం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎప్పటినుంచి?"

"మొదటి వారం నుంచే."

"ఇద్దరికీ సగం సగం అందాలని," అన్నాడు బామ్మర్ది, తల వంచుకుని.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఇద్దరి కాగితాల మీద అడ్డంగా గీత గీసింది. తర్వాత నా చీటీ నా వైపు తిప్పింది. షుగర్ హద్దు దాటింది. బామ్మర్దిది కొంచెం తగ్గింది. ఖనిజాల వల్లనో, సాయంత్రం మిర్చి బజ్జీలు మానడం వల్లనో ఇక ఎవరూ చెప్పలేరు.

"మీరు చెడగొట్టింది నా లెక్క ఒక్కటే కాదు సార్. ఆ గోలీలు మీకు పనిచేస్తయో లేదో మీకే తెలియకుండ చేసుకున్నరు."

బయటికి వచ్చాక బామ్మర్ది, "చెప్పకపోతే ఏమైతుండె బావ?" అన్నాడు.

"మన సగం పిండి లెక్క చూసి మందే పనిచేయదంటే, ఊరోళ్ల మందు ఆగుతుండె," అన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున షుగర్ గోలీ వేసుకుంటున్నాను. అందులో ఏముందో అట్ట వెనకాల అచ్చేసి ఉంటుంది. అద్దాలు పెట్టుకుని ప్రతిరోజూ చదువుతాను. అయినా మింగాక కూర్చోబుద్ధి కాదు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటాను. మా ఆవిడ దాన్ని వ్యాయామమనుకుని సంతోషిస్తోంది.