సారు మడిచిన ఆఖరి బంతి

మా లెక్కల సారు పోయిండు. పొద్దుగాల దుకాణం తీసి, ఆయనకే కాగితాలు కోస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. సారు భార్యను మేమందరం అమ్మ అనే పిలుస్తం. "సారు లేవలేదురా. నిద్రలనే పోయిండు," అన్నది. కటింగ్ మిషన్ కింద కట్ట సగం కోసి ఉన్నది. మిగతా సగం నేను ఇప్పటికీ కొయ్యలేదు.

ఇబ్రహీంపట్నం బస్టాండ్ దగ్గర నాది జిరాక్స్ దుకాణం. బడిల సారు నాకు లెక్కలు చెప్పిండు. నాకు రాలేదు, అది ఆయన తప్పు కాదు. రిటైర్ అయినంక ఆయనకు ఒక్కటే పని, కాగితాలు మడిచి బొమ్మలు చేసుడు. ఒరిగామి అంటరు. పిట్టలు, కప్పలు కాదు. మొగాలు మొగాలుగ, అంటే పలకలు పలకలుగ ఉండే బంతులు, నక్షత్రాలు. నలుచదరంగ కోసిన చిన్న కాగితాన్ని ఆయన లెక్క ప్రకారం మడిస్తే దానికి రెక్కలు, జేబులు వస్తయి. దీని రెక్క దాని జేబుల, దాని రెక్క ఇంకోదాని జేబుల. అట్ల ముప్పై ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుంటే బంతి అయితది. గమ్ లేదు, దారం లేదు. "గమ్ పెట్టినవంటే నీ లెక్క తప్పినట్టేరా," అనేటోడు.

మా దిక్కు వెంచర్లకు కొదవ లేదు. రోడ్డు మీద నిలబడితే చాలు, ప్లాట్ల పాంప్లెట్లు చేతుల పెడ్తరు. సారు వద్దనకపోయేది. "ఇంకో రెండియ్యి బిడ్డా," అని అడిగి తీసుకొని సక్కగ నా దుకాణానికి వచ్చేటోడు. పాపం ఆ పంచేటోళ్లు, సారు ప్లాటు కొంటడని ఎంత ఆశ పడ్డరో! దళసరి కాగితం, మడత గట్టిగ పడ్తది. నేను కోసిస్తే స్టూలు మీద కూసొని బొటనవేలి గోరుతోని మడత గీసేటోడు. పెండ్లికి పోతే శుభలేఖ మడిచేటోడు, బస్సెక్కితే టికెట్ మడిచేటోడు. ఓసారి చెకింగాయన టికెట్ అడిగితే జేబులకెల్లి చిన్న నక్షత్రం తీసి ఇచ్చి, "విప్పున్రి, లోపల మీ టికెటే ఉంటది," అన్నడట. ఈ ముచ్చట అమ్మ తిట్టుకుంట మొదలువెట్టి నవ్వుకుంట ముగించేది.

పోయిన చలికాలం నుంచి సారు ఒక కొత్త బంతి వెంట పడ్డడు. ప్రతి మొగం లోపలికి గుంట పడాలె, మొనలు బయటికి తేలాలె. ఎక్కడో చూసి చేసింది కాదు, ఆయన సొంత ఆలోచన. రోజూ కూసొని కట్టుడు, ఆఖరి ముక్క కాడ మొత్తం ఊడి నా కౌంటర్ మీద పడుడు. "సారూ, జర గమ్ పెట్టున్రి, ఎవరు చూస్తరు?" అంటే గుర్రుగ చూసేటోడు. ఒకనాడు అది నిలబడ్డది. రెండు చేతులతోని తెచ్చి నా ముందల పెట్టిండు. "నేర్పిస్త, ఆదివారం ఇంటికి రా," అన్నడు. హాల్ టికెట్ల సీజన్, గిరాకీ మస్తుగున్నది. "వచ్చే ఆదివారం సారూ," అన్న. ఆ మాట ఎన్ని ఆదివారాలు చెప్పిననో తలుసుకుంటే సిగ్గయితది. ఆయన ఒక్కసారన్న కోపం చెయ్యలేదు. కోపం చేసినా మంచిగుండేది.

దినాలైనంక అమ్మ ఆ బంతిని నా చేతుల పెట్టింది. "నీ కాడ ఉంటే, ఆయన దుకాణంల కూసున్నట్టే ఉంటది," అన్నది. తెచ్చి కౌంటర్ మీద పెట్టుకున్న. చూసినకొద్దీ గుబులు. ఇది ఎట్ల మడిచిండో ఎవరికీ తెల్వదు, ఆయన యాడా రాసి పెట్టలేదు. నేను నేర్చుకోకపోతే సారుతోని ఇది కూడా పోతది. ఒక్క ముక్క తీసి, విప్పి చూసి, మళ్ల పెడ్దమనుకున్న. తీసిన. తీసుడే ఆలస్యం, పక్కది వదులైంది, దాని పక్కది ఊడింది, చూస్తుండంగనే మొత్తం కౌంటర్ మీద పడ్డది. సరే, ముక్కలన్న అట్ల ఉంచొద్దా? నా తొందర పాడుగాను! ఒకటి విప్పితే అర్థం కాలేదని ఇంకోటి, అది కాకపోతే మరోటి, అన్నీ విప్పిన. ముందల మిగిలినయి ఉత్త పాంప్లెట్లు, వాటి నిండ గీతలు. ఏ గీత ముందు, ఏది తర్వాత? మడిచిన, విప్పిన, మళ్ల మడిచిన. ఒక్కటి కూడా కుదరలేదు.

గప్పుడే అమ్మ ఫోన్ చేసింది. "నెల మాసికం నాడు బంతి తీసుకరారా. ఫోటో పక్కకు పెడ్దం. ఆయన ఆఖరుకు చేసింది గదే గద."

మా ఇంటామె తేలికగ చెప్పింది. "నీకు చెయ్యొచ్చిన పాత రకం బంతి చేసి ఇయ్యరాదు? అమ్మకేం తెలుస్తది?" నేనెసొంటి మనిషినో చూడున్రి, చేసిన. గవే రంగుల పాంప్లెట్లు తెచ్చి, సారు ఎప్పుడో నేర్పిన మామూలు బంతి చేసి, సంచిల పెట్టుకొని పోయిన. విప్పిన కాగితాలను కూడా ఒక కవర్ల పెట్టి అదే సంచిల వేసుకున్న. వాటిని దుకాణంల విడిచిపెట్ట మనసొప్పలేదు.

అమ్మ బంతిని చేతులకు తీసుకొని చుట్టూ తిప్పింది. ఆమె ఎన్నడూ కాగితం మడిచింది లేదు, ఇల్లంత ముక్కలేనని ఆయనను తిట్టుడే. "మస్తుగ చేసిండు గద," అన్నది. కొంగుతోని దాని మీది దుమ్ము తుడిచింది. నిన్న చేసినదాని మీద దుమ్మెక్కడిది! ఇగ నాతోని కాలేదు.

"అమ్మా, అది సారు చేసింది కాదు. నేను చేసిన. సారుది నేర్చుకుందమని విప్పిన, మళ్ల మడవ రాలేదు," అని కవర్ తీసి ఆమె ముందల పెట్టిన.

అమ్మ కవర్ తెరిచి లోపలికి చూసింది. "ఆయన నేర్పుత రమ్మంటే రాకపోతివి గదరా," అన్నది. గంతే. నా బంతిని తీసి నా సంచిలనే పెట్టింది. విప్పిన కాగితాలను ఒక్కోటి ఫోటో ముందల పరిచింది. పరుసుకుంట ఒకదాని మీద వేలు పెట్టి ఆగింది.

"ఈ గీతలన్నీ ఆయన గోరువేనా? నీవి గూడ కలిసినయా?"

"కలిసినయమ్మా. సక్కగున్నయి సారువి. వంకరయి నావి."

ఆమె వంకరవాటిని దాటుకుంట, సక్కటి గీతల మీదనే వేలు నడిపింది. కాగితాలు ఎగుర్తయని లేచి ఫ్యాన్ బంద్ చేసింది. ఆ ఉక్కల చెమటలు కార్చుకుంట ఇద్దరం కూసున్నం. గాలి లేకున్నా ఆ కాగితాలు, సారు మడిచిన కాడ, మెల్లమెల్లగ పైకి లేస్తున్నయి.