గీత తెగని గోడ

మా పెదనాన్న వడ్రంగి. ఆయన ఎడమ బొటనవేలికి గోరుండదు. పని నేర్చుకునే రోజుల్లో సుత్తి మింగేసింది. రెండు చెక్కలు కలిసే ప్రతిచోటా, ఒకదాని మీంచి రెండోదాని మీదికి పెన్సిలుతో గీత గీయడం ఆయన అలవాటు. అతుకు వెంట్రుకవాసి జారినా గీత తెగుతుంది. "మనిషి అబద్ధమాడతాడు గానీ గీత అబద్ధమాడదే" అంటాడు.

కొత్త బడికి చెక్క గోడలు ఆయన పద్ధతిలోనే కట్టాలనుకున్నారు. అయితే ముందు ఒక గోడ పరీక్షలో నెగ్గాలి. రెండు టన్నుల బలంతో పక్కకు తోసినా దాని పైభాగం అంగుళానికి మించి జరగకూడదు. ఓడితే బడి పని చేజారడమే కాదు, "ఆయన గోడ నిలవదు" అన్న మాట జీవితాంతం అంటుకుంటుంది. పరీక్షకు ముందు వారమంతా ఆయనకు కంటిమీద కునుకు లేదు. "తోసేది గోడనేనండీ, మిమ్మల్ని కాదు" అని పెద్దమ్మ దెప్పింది.

పరీక్షల షెడ్డులో, గోడ ఎంత జరిగిందో చూపే ముల్లు చూసి అంకె రాయడం నా పని. చదువు ఆగిపోయాక ఆయనే అక్కడ చేర్పించాడు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు.

జాకీ తోయడం మొదలైంది. ఒక్క టన్నుకే ముల్లు అంగుళం దాటింది. పరీక్ష జరిపించే ఇంజనీరమ్మ జాకీ ఆపించి కళ్లజోడు తీసింది.

"లాభం లేదు మేస్త్రిగారూ. ఓడినట్టే రాయాలి."

పెదనాన్న సుత్తిని సంచిలో పెట్టబోయి, పెట్టలేక పక్కన పడేశాడు.

నేను గోడ దగ్గరికి వెళ్లి పై నుంచి కిందిదాకా గీతలు చూశాను. ఒక్కటీ తెగలేదు. అంటే అతుకులు జారలేదు. గోడ మొత్తంగా అడుగునుంచే జరిగింది. అడుగు దుంగను కింది ఇనుప దూలానికి పట్టి ఉంచే బోల్టు బిళ్లను వేలితో తాకాను. బొంగరంలా తిరిగింది.

"బోల్టులు వదులయ్యాయండీ" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

"నోరు విప్పితే ముత్యాలేం రాలిపోవు, గట్టిగా చెప్పవే అమ్మడూ!" అన్నాడు పెదనాన్న.

చెప్పాను.

బోల్టులు బిగించింది ఆయనే, పన్నెండు రోజుల కిందట. జాకీ చెడిపోయి పరీక్ష వాయిదా పడింది. ఆలోగా పచ్చి దుంగ ఆరి సన్నబడింది. మళ్లీ బిగించాలని ఎవరికీ తట్టలేదు. చెక్క ఆరితే బోల్టు వదులవుతుందని కనబడ్డవాళ్లందరికీ పాఠం చెప్పే మనిషికీ తట్టలేదు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడింది!" అంటూ ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"అదే తొట్లో నేనూ పడ్డాను లెండి" అంది ఇంజనీరమ్మ, స్పానరు అందుకుంటూ.

మేకులు, అతుకులు ఒక్కొక్కటే తడిమి చూసి, ఏదీ చెడలేదని నిర్ధారించుకున్నాక, బోల్టులు బిగించి ఆ గోడనే మళ్లీ తోయించింది. రెండు టన్నులకు ముల్లు ముప్పావు అంగుళం దగ్గర ఆగింది. నేను అంకె రాసి, అనుమానమొచ్చి మళ్లీ చూశాను. ముప్పావే.

"నెగ్గింది. అసలు ఎంతవరకు మోస్తుందో విరగ్గొట్టి చూద్దామా?" అని అడిగిందావిడ.

"మీ ఇష్టం తల్లీ, పిండి చేసుకోండి" అన్నాడు పెదనాన్న.

మూడు టన్నులు దాటాక మేకులు కీచుమంటూ ఊడసాగాయి. చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, పెదనాన్న రంపపు పొట్టు బస్తాల మీద నడుం వాల్చి, నోరు తెరిచి, హాయిగా గుర్రు పెడుతున్నాడు.