బుగ్గమ్మ తోడుగా వెళ్లిన రోజు

అశోక్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్ ఒకటి కనిపిస్తుంది. వాటిలో అనసూయమ్మగారు నడిపే హాస్టల్‌లో బుగ్గమ్మ వంటమనిషి. పెళ్లయిన కొత్తలో నారాయణపేట దగ్గరి పల్లె నుంచి భర్త పెద్దులుతో పట్నం వచ్చింది. చాలా ఏళ్లు ఇద్దరూ కట్టడాల దగ్గర ఇటుకలు మోశారు. నడుము పాడయ్యాక పెద్దులు నారాయణగూడలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆమె తట్ట దించి గరిటె పట్టింది. కాపురం కవాడిగూడ బస్తీలో. తెల్లవారగానే నడుచుకుంటూ వచ్చి, చిక్కడపల్లిలో కూరగాయలు కొని, హాస్టల్‌లో పొయ్యి వెలిగించేది.

బుగ్గమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు. "తిన్న ప్లేటు ఆడనే పెడితే ఎవరు కడుగుతరు, మీ అత్తనా?" అని పిల్లల్ని కసిరేది. అలా కసురుతూనే, జ్వరం వచ్చిన పిల్లకు జావ కాచి మూడో అంతస్తుకి మోసుకెళ్లేది.

ఆ పిల్లల్లో అంబిక ఒకతె. అచ్చంపేట వైపు పల్లె నుంచి వచ్చి గ్రూప్-2కి చదువుతోంది. గదిలో సందడి ఎక్కువని పక్క సందులోని రీడింగ్ రూములో సీటు తీసుకుంది. దాన్ని నడిపే సాగర్ అక్కడికి వచ్చే ఆడపిల్లలందరినీ "చెల్లె" అనే పిలిచేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బుగ్గమ్మ గోంగూర తుంచుతూ కూర్చుంది. అంబిక లోపలికి వచ్చింది. చున్నీ లేదు. ఒక కాలికి చెప్పు లేదు. ఎవరి వైపూ చూడకుండా స్నానాల గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

బుగ్గమ్మ గోంగూర వదిలేసి లేచింది. తలుపు తట్టింది.

"అంబికా, ఏమైంది బిడ్డా?"

"ఏం లేదక్కా. నీళ్లు పోసుకుంటున్న. నన్ను వదిలెయ్."

ఆ గొంతు విన్నాక బుగ్గమ్మకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. తలుపు ముందే నేల మీద చతికిలబడింది. కాసేపటికి లోపలి నుంచి ఏడుపు, ఆ ఏడుపులోనే ముక్కలు ముక్కలుగా మాటలు వచ్చాయి. కొత్త ప్రశ్నపత్రాలు పైగదిలో ఉన్నాయని సాగర్ పిలిచాడు. వెళ్లగానే తలుపు వేశాడు. ఆ తరువాత అంబిక చెప్పినదంతా ఇక్కడ రాయనక్కర్లేదు. ఆమె చివరికి వాడి చెయ్యి కొరికి, మెట్లు దిగి పరుగెత్తింది.

అంబిక గదిలోనే ఉండే మనీష అప్పటికే వచ్చి నిలబడింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల మాట్లాడిన ఆవిడ గొంతులో తొందర లేదు. "ముందు ఆమెకు దెబ్బలేమైనా తగిలాయా? ఇప్పుడు క్షేమంగా ఉన్న చోటే ఉందా?" అని అడిగింది. వీలైతే స్నానం చేయవద్దని, ఆ బట్టలు ఉతకవద్దని, మార్చుకుంటే కాగితం కవర్లో పెట్టమని చెప్పింది. "ఒకవేళ స్నానం చేసేసినా ఫర్వాలేదు, అయినా ఆసుపత్రికి రావచ్చు. వైద్యానికి కేసు పెట్టాలన్న షరతు లేదు. ఏది చేయాలన్నా ఆమె ఇష్టంతోనే చేయాలి" అంది.

నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"అక్కా, ఎవరు నమ్ముతరు? నేనే పైకి పోయిన కదా, నాదే తప్పంటరు."

 బుగ్గమ్మ తలుపుకు దగ్గరగా జరిగింది.

"బిడ్డా, నేను నీ అంత ఉన్నప్పుడు పనికాడ మేస్త్రి నన్ను సిమెంటు బస్తాల గదిల వెట్టి తలుపేసిండు. బయటికొచ్చి చెప్తె, నోరు మూసుకోమన్నరు. నా వెంట ఒక్కరు రాలె. ఇయ్యాల్టిదాంక నా మొగునికి గూడ చెప్పలె. నేను నిన్ను నమ్ముతున్న. నువ్వు యాడికి పోతా అంటే ఆడికి నేనొస్త. పోను అంటే ఈన్నే కూసుంట."

గొళ్లెం తీసిన చప్పుడైంది. అంబిక నీళ్లు పోసుకోకుండానే, అవే బట్టలతో బయటికి వచ్చి బుగ్గమ్మ భుజం మీద వాలిపోయింది. "దవాఖానకు పోదామక్కా" అంది.

అప్పుడే అనసూయమ్మ మెట్లెక్కి వచ్చింది. సంగతి మనీష చెప్పింది. "పోలీసులు, కేసులు అంటే మన హాస్టల్ పేరేమైతది? ఒక్క రోజు ఆగి ఆలోచిద్దాం" అంది.

"మీరు ఆలోచించుండ్రి అమ్మా. నేను పిల్లను తీస్కపోతున్న. రాత్రికి వంట ఇంకెవ్వరితోనన్న చేయించుండ్రి" అంది బుగ్గమ్మ. గొంతు పెంచలేదు.

అనసూయమ్మ అంబిక ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి తన శాలువా తెచ్చి ఆమెకు కప్పింది. "ఆటోల ఎందుకు, నా కారు తీస్త" అంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో లేడీ డాక్టరు ప్రతి పరీక్షకూ ముందు అడిగింది, సరే అన్నాకే చెయ్యి వేసింది. గర్భం రాకుండా, జబ్బులు సోకకుండా మందులిచ్చింది. అంతా అయ్యాక, తను ఫిర్యాదు ఇస్తానని అంబికే అంది. మహిళా ఎస్సై ఆసుపత్రికే వచ్చి వేరే గదిలో కూర్చోబెట్టి మాట రాసుకుంది. "పైకి ఎందుకు పోయినవ్?" అని అడుగుతుందేమోనని పక్కనే కూర్చున్న బుగ్గమ్మ భయం. ఎస్సై ఆ మాట అడగలేదు. "మంచినీళ్లు తాగు, తొందరేం లేదు" అంది. బుగ్గమ్మ గ్లాసు అంబిక చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున సాగర్ అంబర్‌పేట్‌లో బంధువుల ఇంట్లో పోలీసులకు దొరికాడు. రీడింగ్ రూము మెట్ల దగ్గరి కెమెరాలో అంబిక పరుగెత్తుతూ దిగడం, వెనకాల వాడు పంటిగాటు పడ్డ తన చెయ్యి పట్టుకుని రావడం కనిపించాయి. ఆ కబురు హాస్టల్‌కి చేరినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టలేదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆ రీడింగ్ రూముకే వెళ్లే కీర్తన అనే అమ్మాయి సాయంత్రం వచ్చి, "నన్ను గూడ పైకి పిలిచిండు. నేను గూడ చెప్త" అంది.

ఇక మిగిలిన భయం ఒకటే. అంబిక తండ్రి ఈదయ్య. తెలిస్తే చదువు మాన్పించి ఊరికి తీసుకుపోతాడని ఆమె బెంగ. రెండు రోజులు మథనపడి చివరికి తనే ఫోన్ చేసింది. ఆయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. మరునాడు మొదటి బస్సుకే దిగాడు.

ఈదయ్య హాస్టల్ మెట్ల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. బుగ్గమ్మ చాయ్ తెచ్చిచ్చింది. అంబిక తల వంచుకుని నిలబడింది.

"నాయనా, బట్టలు సర్దుకోమంటవా?"

ఆయన తలెత్తాడు. "ఎందుకు బిడ్డా? నువ్వేం తప్పు చేసినవని ఇంటికి తోలుకపోవాలె? చదువుకుంటా అంటే చదువుకో. మనసు బాగలేక నాల్రోజులు ఇంటికి వస్తా అంటే రా. నేను నిన్ను చూసిపోదామని వచ్చిన, గంతే."

అంబిక ఆ మెట్టు మీదే తండ్రి పక్కన కూలబడి గట్టిగా ఏడ్చింది. స్నానాల గదిలో ఏడ్చిన ఏడుపు కాదది. బుగ్గమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "చాయ్ చల్లగైతుంది పెద్దమనిషీ, తాగు" అని కసిరింది.

ఆ నెలలో హాస్టల్‌లో చాలా మారాయి. అనసూయమ్మ గేటు దగ్గర లైటు పెట్టించింది. పిల్లలు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని, ఎక్కడికి వెళ్తున్నారో, తిరిగి వచ్చారో అందులో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆపదలో పోలీసులను పిలిచే 112 నంబరు నొక్కడం అందరూ ఒకరికొకరు చూపించుకున్నారు. జాగ్రత్తల మాట మధ్యలో ఎవరో, "అంబిక గూడ పైకి పోకపోతే బాగుండు" అంటే బుగ్గమ్మ ఊరుకోలేదు. "జాగ్రత్త మంచిదే. కానీ తప్పు వానిది. ఆ రెండూ కలపకుండ్రి" అంది.

కేసు కోర్టులో ఉంది. ఎంతకాలం నడుస్తుందో ఎవరికీ తెలియదు. వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్లిన రోజు కూడా బుగ్గమ్మ వెంటే ఉంది. జడ్జి గదిలోకి ఒంటరిగా వెళ్లిన అంబిక చాలాసేపటికి బయటికి వచ్చింది. "మొత్తం చెప్పినక్కా. ఏడ్వలె" అంది. తిరుగు దారిలో నారాయణగూడలో ఒక టిఫిన్ సెంటరు దగ్గర ఆగారు. ఆ ఆదివారం తరువాత సరిగ్గా తినని పిల్ల దోసె తిని, ఇంకొకటి చెప్పమంది.

ఇప్పుడు అంబిక, మనీష కలిసి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి చదువుకుంటున్నారు. కొన్ని రాత్రులు అంబికకు ఇంకా నిద్ర పట్టదు. వారానికోసారి కౌన్సెలింగుకు వెళ్తుంది. మొన్న మాత్రం మధ్యాహ్నం అన్నం తిని, గది తలుపు తీసే ఉంచి, ఆదమరిచి నిద్రపోయింది. బుగ్గమ్మ మేడ మీదికి వెళ్లి చూసి, పిల్లలెవర్నీ చప్పుడు చేయనివ్వకుండా మెల్లగా కిందికి దిగి వచ్చింది.