మిర్యాలగూడ నుంచి తెచ్చిన అబద్ధం

ఒక్క మాట అబద్ధం నలభై ఏళ్ళుగా నాలో ఉండిపోయింది. నా భార్యకు చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ వేరే మాటేదో మాట్లాడి ఊరుకున్నాను. ఇప్పుడామె లేదు. కోదాడలో ఒక్కడినే ఉంటున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. సూర్యాపేటలో ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులుగా చేరాను. మాది నడిగూడెం దగ్గరి పల్లె. ఆ ఊళ్ళు నిజాం కింద ఉండేవి కావు, మద్రాసు కింద ఉండేవి. నా మాటతీరు వినగానే సూర్యాపేటలో నన్ను పరాయివాడని పోల్చుకునేవారు. పైగా కమ్యూనిస్టుల వేటకని ఊరి బయట పోలీసు క్యాంపు. కొత్తవాడితో రెండు మాటలు మాట్లాడటానికి కూడా జనం జంకే రోజులవి. బడి వదిలాక మళ్ళీ మర్నాడు బడి తెరిచేదాకా నన్ను పేరు పెట్టి పిలిచేవారు ఉండేవారు కాదు.

అలాంటప్పుడు చెరువుల మరమ్మతుకు ఒక ఇంజనీరు వచ్చాడు. కోస్తా మనిషి. తనకిచ్చిన బంగళా వెనక మొరం పోయించి, రోలరు లాగించి, సున్నంతో గీతలు గీయించి టెన్నిస్ కోర్టు వేయించాడు. ఆడటానికి తోడు లేదు. ఒకరోజు మా బడికి వచ్చి, వారానికి రెండు రోజులు బడివేళలోనే పిల్లల్ని పంపితే ఆట నేర్పుతానన్నాడు. హెడ్మాస్టరు కాదనలేక ఆ పని నాకు అప్పజెప్పాడు.

పిల్లలకోసం ఇంజనీరు వడ్రంగితో చిన్న చెక్క బ్యాట్లు చేయించాడు. మూడో తరగతి పిల్లలు పదిహేనుమంది. వాళ్ళకు నేర్పాలంటే ముందు నాకు రావాలి కదా అని, సాయంత్రాలు నన్ను రమ్మన్నాడు. తన రాకెట్టు ఒకటి నా చేతికిచ్చాడు. ఆట అయ్యాక కుర్చీ వేసి, టీ ఇచ్చి, మా ఊరి సంగతులు అడిగేవాడు. "మాష్టారూ" అనేవాడు. ఇంత చిన్న విషయం ఎందుకు చెబుతున్నానంటే, ఆ సాయంత్రాలే నాకు ఉన్నవి. వేరే ఏమీ లేవు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉంది. పేరు మార్చి రాస్తున్నాను, రూతమ్మ అందాం. తొమ్మిదేళ్ళు. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు, వాళ్ళకు ఒక్కతే బిడ్డ. ఎడమచేతి వాటం. బడిలో నేను దాని ఎడమచేతి మీద బెత్తంతో కొట్టి కుడిచేత్తో రాయించేవాణ్ణి. కోర్టులో కూడా బ్యాటు కుడిచేతికి మార్చబోతే, "వద్దు మాష్టారూ, అలాగే ఆడనివ్వండి" అన్నాడు ఇంజనీరు. బంతి ఎక్కడ పడుతుందో ఆ పిల్లకు ముందే తెలిసేది. నెల తిరక్కుండా సాయంత్రాలు కూడా దాన్ని రమ్మన్నాడు. వాళ్ళిద్దరూ ఆడుతుంటే నేను బంతులు ఏరి ఇచ్చేవాణ్ణి. చీకటి పడేదాకా ఆడి, "ఇక రేపు" అని ఆయన లోపలికి వెళ్ళిపోయేవాడు. నా కోసం కుర్చీ వేయడం మరిచిపోయాడు.

తొమ్మిదేళ్ళ పిల్ల మీద ఈర్ష్య. పెద్దవాడిని, చదువు చెప్పేవాడిని. అప్పట్లో దానికి ఆ పేరు పెట్టుకోలేదు. వేరే పేర్లు పెట్టుకున్నాను. పిల్ల చదువు పాడవుతోందనుకున్నాను. నలుగురూ ఏమంటారో అనుకున్నాను. నన్ను నేను ఎంత తేలిగ్గా నమ్మాను!

పంట కోతల కాలం వచ్చింది. రూతమ్మ తల్లిదండ్రులు పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి మిర్యాలగూడ వైపు కోతలకు వెళ్ళారు. అప్పుడే ఇంజనీరు నన్ను పిలిచాడు. సికింద్రాబాదులో వాళ్ళక్క ఒక హాస్టలు బడిలో టీచరట. రూతమ్మను అక్కడ చేర్చుకుంటారట, చదువూ ఆటా రెండూ ఉంటాయట. "నేను వెళితే ఆ పిల్ల తండ్రి భయపడతాడు మాష్టారూ. మీరే వెళ్ళి మాట్లాడండి" అన్నాడు.

వెళ్ళాను. మిర్యాలగూడలో బస్సు దిగి, దామరచర్ల దారిలో రెండు మైళ్ళు నడిచాను. కోత కోసేవాళ్ళు కనిపించారు. ఒకతను నడుము నిలబెట్టి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. రూతమ్మ తండ్రే. మా ఇద్దరి మధ్య ఒక్క మడి ఉంది. కేకేస్తే వినబడుతుంది.

నేను కేకేయలేదు.

దేనికి భయపడ్డాను? ఆయన వద్దంటాడనా? కాదు, సరేనంటాడని. సరేనంటే ఆ పిల్ల వెళ్ళిపోతుంది, నా కుర్చీ నాకు తిరిగి వస్తుంది కదా, మరి అదే కదా నాకు కావలసింది? ఎన్నిసార్లు ఈ లెక్క వేసుకున్నానో. తేలేది ఒకటే. ఆ పిల్ల వెళ్ళడం కాదు నాకు ఇష్టం లేనిది, నన్నెవరూ పిలవని చోటుకి దాన్ని ఎవరో పిలవడం.

వెనక్కి తిరిగి వచ్చేశాను. తండ్రి ఒప్పుకోలేదని ఇంజనీరుతో చెప్పాను. ఆయన నెట్టు వదులు చేస్తూ, "పోనీలెండి" అన్నాడు.

మర్నాడు రూతమ్మ బడి గడపలో నాకోసం నిలబడి ఉంది. హాస్టలు సంగతి ఇంజనీరు దానికి ముందే చెప్పినట్టున్నాడు.

"సారూ, మా నాయనను కలిసిన్రా?"

"కలిశాను."

"ఏమన్నడు?"

"వద్దన్నాడు."

"నేను మంచిగ ఆడుతనని చెప్పిన్రా?"

"చెప్పాను."

"చెప్పినంక గూడ వద్దన్నడా?"

తల ఊపాను. ఆ పిల్ల ఏడవలేదు. "గట్లనా" అని లోపలికి పోయి తన చోట కూర్చుంది. ఆ వారం కోర్టుకు వచ్చింది కానీ బ్యాటు పట్టలేదు. ఆ తరువాత రావడం మానేసింది.

కోతలు అయిపోయాక తండ్రి బడికి వచ్చాడు. తువ్వాలులో కొత్త బియ్యం మూటగట్టి తెచ్చాడు, నాకోసం. "బిడ్డ నాతోని సక్కగ మాట్లాడుత లేదు సారూ. బడిల ఏమన్న అయిందా?" అని అడిగాడు. ఇంజనీరు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. అప్పుడు చెప్పినా సరిపోయేది. ఏమీ కాలేదన్నాను. ఆ బియ్యం వండుకుని తిన్నాను.

రెండు నెలలకు ఇంజనీరుకు బదిలీ అయింది. ఈలోపు ఆయన పిలిచినా నేను ఆడలేకపోయాను.

ఇరవై ఏళ్ళ తరువాత, నేను కోదాడలో పనిచేస్తుండగా, కూతుర్ని బడిలో చేర్చడానికి ఒకామె వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. ఆమే పట్టింది. రూతమ్మ. మంచీచెడూ మాట్లాడుకున్నాక అంది:

"మా నాయన పోయినేడు సచ్చిపోయిండు సారూ. గా హాస్టలు సంగతి ఆయనను ఎన్నడు అడగలే. చిన్నప్పుడు శాన కోపం పెట్టుకున్న. నాకు బిడ్డ పుట్టినంక ఇడిసిపెట్టిన. ఉన్న ఒక్క బిడ్డను దూరం పంపబుద్ధి కాలేదేమో, పాపం."

చేయని తప్పుకు ఆయనకు కూతురి దగ్గర క్షమ దొరికింది. అది కూడా అన్నేళ్ళు ఎదురుచూశాక, ఎందుకు ఎదురుచూస్తున్నాడో తెలియకుండానే. నేను తలవంచుకుని రిజిస్టరులో ఆమె కూతురి పేరు రాసుకున్నాను.

ఆమె ఈ ఊళ్ళోనే ఉంది. వాళ్ళ సందు మొగదాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. ఇప్పుడు చెబితే ఎవరి బరువు దిగుతుంది? నాదా, ఆమెదా? చెబితే, తండ్రి మీద కోపంతో గడిపిన ఏళ్ళను ఆమె ఏం చేసుకుంటుంది? ఈ ప్రశ్నలు కూడా పిరికితనానికి నేను పెట్టుకున్న ముద్దుపేర్లేమో, తెలియదు.

నిజం ఇది. ఆమె తండ్రి వద్దనలేదు. ఆయనను నేను అడగనే లేదు.

రాసేశాను. కలం పక్కన పెట్టాను. ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. అంతకుమించి కోరే హక్కు నాకు లేదు.