దిగని సూది

ఆయిల్ ప్రెషర్ మీటరులో సూది పైకి లేచి నిలబడితే సంతోషించే డ్రైవర్లే ఎక్కువ. ఎక్కువ ఉంటే మంచిదే అనుకోవడం మాకు అలవాటు. టీలో చక్కెరైనా, పాటలో గొంతైనా, మీటరులో సూదైనా అంతే. తక్కువైతే పరేషాన్ అవుతాం, ఎక్కువైతే మీసం దువ్వుతాం. మా అన్న కూడా ఆ బాపతే.

లారీ మా ఇద్దరిదీ. కొన్ననాటికే పాతది. మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. భూపాలపల్లి నుంచి బొగ్గు, పాలకుర్తి వైపు నుంచి పత్తి, మక్కలు తోలేవాళ్ళం. అన్న స్టీరింగు పడితే నేను పక్క సీటులో, నేను పడితే అన్న. బయట అందరితో తెలుగే మాట్లాడేవాళ్ళం గానీ క్యాబిన్‌లో మాత్రం మా తండా భాషే. తిట్టుకున్నా అందులోనే, నవ్వుకున్నా అందులోనే. ఎదురుగా నిలబడి మమ్మల్ని దబాయించే వాడిని వాడికి అర్థం కాకుండా వెక్కిరించే సౌకర్యం కూడా ఉండేది.

ఇంజన్ అరిగిపోయి, కాస్త వేడెక్కితే చాలు, ఆయిల్ సూది అడుగుకు పడిపోతున్న రోజులవి. అప్పుడే అన్నకు తల తిరుగుతోందని దవాఖానకు తీసుకుపోయాను. ప్రెషర్ బాగా ఎక్కువుంది, రోజూ గోలీ వేసుకోవాలన్నారు. అన్న బయటికొచ్చి లారీ వైపు చూసి, "బండికి లేని ప్రెషరంత నాకే వచ్చిందిర" అన్నాడు. ఆ రోజు దారంతా నవ్వుకున్నాం. కొన్నాళ్ళకు మీటరులో సూది లేచి నిలబడింది. ఏం చేశావని అడిగితే, "దానికి గోలీ ఏసిన" అన్నాడు. ఏ గోలీయో చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు. తను మాత్రం గోలీలు సీటు కింద పెట్టి మరిచిపోయేవాడు.

ఆ వానాకాలమే, ఒక పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే కూలబడ్డాడు. తలలో నరం చిట్లిందన్నారు. దినాలయ్యాక వదిన పిల్లల్ని తీసుకుని తల్లిగారి తండాకు వెళ్ళిపోయింది. ఇంట్లో నేను, వాకిట్లో లారీ మిగిలాం. తండాలో పలకరించేవాళ్ళు లేక కాదు. పలకరించి ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు కదా, ఆ తర్వాత సంగతి నేను చెబుతున్నది.

లారీని అట్లాగే వదిలేస్తే ఇనుపసామానోడికే పనికొస్తుందని, జనగామలో ఒక షెడ్డుకు తోలుకుపోయి ఇంజన్ దింపించాను. బేరింగులు, రింగులు, పిస్టన్లు అన్నీ కొత్తవి వేయించాను. ఉన్నదంతా దానికే పెట్టాను. ఈసారి ఇంజన్ సీజై పట్టేస్తే మళ్ళీ చేయించే తాహతు లేదు. లారీని అమ్మేసి ఇంకొకరి బండి మీద జీతానికి పోవడమే.

అవి తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు. భూపాలపల్లిలో బొగ్గు ఆగిపోయింది. రోడ్ల మీద ఎక్కడ ఆపుతారో తెలియదు. లారీలవాళ్ళు చాలామంది ఇళ్ళల్లో కూర్చున్నారు. నాకు ఇంట్లో కూర్చోవడమే కష్టంగా ఉంది. పాలకుర్తి దగ్గర మక్కల లోడ్ ఉందంటే ఎక్కించుకుని కేసముద్రం మార్కెట్‌కు బయల్దేరాను. స్టార్ట్ చేయగానే సూది పై చివరకు పోయింది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పొద్దున పూట అది మామూలే. వేడెక్కితే దిగాలి. షెడ్డు నుంచి ఖాళీగా తెచ్చినప్పుడూ దిగకపోతే కొత్త ఇంజన్ కదా అనుకున్నాను, ఇప్పుడు లోడుతో ఎంత దూరం పోయినా దిగలేదు.

పెద్దవంగర దగ్గరికి రాగానే రోడ్డు మీద వంటావార్పు. ఎడ్లబండ్లు అడ్డం పెట్టి, రోడ్డు మధ్యనే పొయ్యిలు వెలిగించి ఊళ్ళకు ఊళ్ళే కూర్చున్నాయి. లారీ పక్కకు ఆపి దిగితే ఆయిల్ ఫిల్టర్ అంచు నుంచి చుక్కలు కారుతున్నాయి. ప్రెషర్ అట్లాగే ఉంటే ఫిల్టర్ రబ్బరు తన్నుకుపోతుంది. ఉన్న ఆయిలంతా రోడ్డుపాలవుతుంది. తర్వాత ఇంజన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు.

జనగామ మిస్త్రీకి ఫోన్ చేశాను.

"ప్రెషర్ ఎక్కువుందన్న. దిగుతలేదు."

"ఎక్కువుంటే మంచిదే గద. కొత్త బేరింగులాయె. తోలు."

"ఫిల్టర్ కాడ కారుతంది."

"జర గట్టిగ బిగియ్యి" అని పెట్టేశాడు.

ఇక నేనే చూసుకోవాలి. మొదట మీటరును అనుమానించాను. ఇంజన్ ఆపితే సూది సున్నాకు వచ్చింది, అంటే ఇరుక్కుపోలేదు. సామాన్ల డబ్బాలో ఉన్న పాత మీటరు బిగించి చూశాను, అదీ అంతే చూపించింది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి, దానికంటిన ఆయిల్ వేళ్ళ మధ్య రుద్దాను. నేను పోసిన ఆయిలే, పల్చగానే ఉంది. ఫిల్టర్ మూసుకుపోయిందా అంటే, మా బండిలో మీటరు పైపు ఫిల్టర్ దాటాక ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే సూది పడిపోవాలి గానీ లేవకూడదు. మిగిలింది రిలీఫ్ వాల్వు. అది కుక్కర్ విజిల్ లాంటిది. ప్రెషర్ మితిమీరితే వెనక ఉన్న స్ప్రింగును నెట్టుకుని తెరుచుకుంటుంది, ఎక్కువైన ఆయిల్ కింది చాంబర్లోకి పోతుంది. అది తెరుచుకోవడం లేదన్నమాట. ఇంజన్ చల్లారేదాకా నీడలో కూర్చున్నాను.

మైకులో ఒకాయన మన యాసను సినిమాల్లో ఎట్లా వెక్కిరించారో చెబుతున్నాడు. నిజమే కదా అని నేనూ చప్పట్లు కొట్టాను. తెలంగాణ రావాలని నాకూ ఉండేది. కానీ ఆ యాస వెనక నాకు ఇంకో భాష ఉంది. పక్క సీటులో మనిషి పోయాక దానితో పనే లేకుండా పోయింది. అంతమంది ఒక్కచోట కూర్చుని తింటుంటే చూడ్డానికి బాగుంది, వాళ్ళ మధ్యకు పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

బండి కింద దూరి వాల్వు మీది పెద్ద నట్టు విప్పాను. స్ప్రింగు బయటికొచ్చింది. వాల్వు వేలితో నెడితే సాఫీగా కదిలింది, అదీ ఇరుక్కోలేదు. మరేమిటి రోగం అని నట్టును తిప్పి చూస్తే, లోపల స్ప్రింగు ఆనే చోట ఒక వాషరు. గోటితో లాగాను. వాషరు కాదు, బొక్కపైస. నడుమ చిల్లున్న పాతకాలపు పైస, నట్టులో పట్టేలా అంచు ఆకురాయితో అరగదీసి ఉంది.

మా అమ్మ అద్దాల రవిక అంచుకు కుట్టుకున్న పైసల్లో ఒకటది. అమ్మ పోయాక అన్న కొన్ని విప్పి దాచుకున్నాడు. ఒకటి లారీ తాళంచెవికి ఇప్పటికీ వేలాడుతోంది. ఇంకోటి ఇక్కడుంది. దాని మందం మేర స్ప్రింగు బిగుసుకుంది, వాల్వు తెరుచుకోలేదు, సూది లేచింది. షెడ్డులో వాళ్ళు వాషరే అనుకుని కడిగి మళ్ళీ అక్కడే పెట్టారు. అన్న వేసిన గోలీ ఇది.

అరిగిన ఇంజన్‌ను అది ఎట్లాగో నడిపించింది. బాగైన ఇంజన్‌కు అదే రోగమైంది. అన్న చేయి పడిన ప్రతి ముక్కా జనగామలో నేనే మార్పించాను. మిగిలింది ఇదొక్కటే, ఇప్పుడు దీన్నీ తీసేయాలి. తీయకుండా మెల్లగా తోలుకుపోదామా అని కూడా అనుకున్నాను. ఏడుపొచ్చింది. బండి కింద ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు.

"గీ ఎండల బండి కింద ఏం జేస్తున్నవ్ తమ్మి? లేసి రా, ఇంత తిను" అని ఒకామె వంగి పిలిచింది. చేతిలో ఆకు విస్తరి, అన్నం, పుంటికూర పప్పు.

"చేతులకు ఆయిలున్నది అక్క."

"ఆయిలుంటే కడుక్కో. ఒక్కనివే వచ్చినవా?"

"ఒక్కన్నే అక్క."

విస్తరి అక్కడే డబ్బా మీద పెట్టి పోయింది. పైస జేబులో వేసుకుని, ఉత్త స్ప్రింగు పెట్టి నట్టు బిగించాను. తర్వాత చేతులు కడుక్కుని తిన్నాను. ఆకలి బాగానే వేసింది.

పొద్దు వాలాక ఎడ్లబండ్లు తీశారు. ఇంజన్ స్టార్ట్ చేశాను. సూది పైకి లేచి, ఇంజన్ వేడెక్కిన కొద్దీ మెల్లగా దిగి నడుమకొచ్చి ఆగింది. ఫిల్టర్ దగ్గర చుక్క లేదు. "దిగిందన్న" అని పక్కకు తిరిగి మా భాషలో అన్నాను. ఎన్నేళ్ళ అలవాటో అది. జేబులోంచి పైస తీసి ఆ ఖాళీ సీటు మీద పెట్టాను. అప్పుడు కోపమొచ్చింది, పట్టలేనంత కోపం. "బండికేసినవ్, నీ గోలీ నువ్వేసుకుంటే ఏంబోయేదే" అని గట్టిగా అడిగాను. అదీ మా భాషలోనే. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. గేరు వేసి కేసముద్రం వైపు బయల్దేరాను.