అత్తమ్మ చెప్పిన సాక్ష్యం

అత్తమ్మ మైకు పట్టుకుని "మందు బంద్ చేసినం" అన్నప్పుడు నేను చప్పట్లు కొడుతున్నాను. అంతకు ముందు ఆమె చెప్పినవన్నీ నాకు తెలిసినవే. మనవరాలికి, అంటే మా పెద్దపాపకు, ఫిట్స్ వచ్చేవని, ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా రాలేదని, దేవునికే మహిమ అని. అలవాటు కొద్దీ అందరితో పాటు నా చేతులూ కదిలాయి. ఆ మాట విన్నాక కూడా రెండు చప్పట్లు పడ్డాయి. మూడోదానికి చేతులు ఆగిపోయాయి.

ఎందుకంటే మేము మందు ఆపలేదు. రెండేళ్ళ పాటు ఫిట్స్ రాకుండా ఉంటే అప్పుడు కొంచెం కొంచెంగా తగ్గిద్దామని, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. రాత్రి సిరప్ నేనే తాగిస్తాను. పొద్దున మాత్రం ఆరున్నరకే ఎయిర్‌పోర్టు పక్కన కార్గో గోదాముకు డ్యూటీకి వెళ్ళిపోతాను కాబట్టి ఎనిమిది గంటల మందు అత్తమ్మ చేతిలో ఉంది. ఆదివారం కూడా ఆ పని ఆమెదే. నేనే అప్పగించాను.

మా ప్రార్థన మందిరం శంషాబాద్‌లో ఒక సందు చివర ఉన్న రేకుల షెడ్డు. విమానం దిగేటప్పుడు రేకులు అదురుతాయి. ఎంతటి ప్రసంగమైనా ఆగాల్సిందే. అప్పుడూ ఒకటి వచ్చింది. అత్తమ్మ మైకు దించి, తెల్లచీర కొంగు సర్దుకుని, నా వైపు చూసి నవ్వింది. ఆ చప్పుడులోనే నా పక్కన చాప మీద కూర్చున్న పెద్దదాని చెవిలో అడిగాను.

"పొద్దుగాల నాయనమ్మ మందు తాపుతుందా?"

"నూనె తాపుతది. ప్రార్థన నూనె. మందు ఇగ వద్దంట. దేవుడు బాగు చేసిండంట."

"ఎప్పటి సంది?"

దానికి ఆరేళ్ళు. రోజుల లెక్క తెలియదు. కాసేపు ఆలోచించి, "మా స్కూల్ల డ్రాయింగ్ పోటీ అయినంక" అంది. పోటీ జరిగింది మంగళవారం. అంటే ఐదు పొద్దులు.

విమానం వెళ్ళిపోయింది. "హల్లెలూయా" అని షెడ్డంతా అరిచింది. 

మా సంఘంలో కొందరు సాక్ష్యం ముందే చెప్పేస్తారు. బాగయ్యాక చెప్పడం గొప్పేముంది, బాగు కాకముందే చెప్పడం విశ్వాసం అంటారు. మాట ముందు పడితే దేవుడు దాన్ని నిజం చేస్తాడని నమ్మకం. కిందటేడు ఒకామె బీపీ గోళీలు మోరీలో పారేశానని చెప్పింది. ఆ రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆమెకు కుడిచేయి లేవదు. చూడడానికి పండ్లు తీసుకుని వెళ్ళాను. గోళీల మాట ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. డిగ్రీ చదివిన దాన్ని, అదేంటని అప్పుడే అడిగి ఉంటే ఈ మాట మా ఇంటిదాకా వచ్చేది కాదేమో.

ఇంటికి రాగానే ఆసుపత్రికి ఫోన్ చేశాను. తప్పిన మోతాదులన్నీ కలిపి తాగించొద్దని, ఇప్పుడు మామూలుగా ఎంతో అంతే తాగించమని, ఒకవేళ ఫిట్స్ వచ్చి ఐదు నిమిషాలు దాటితే వెంటనే తీసుకురమ్మని అక్కడి నర్సు చెప్పింది. వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తమ్మ మందు సీసా ఉన్న అలమరాకు అడ్డంగా నిలబడి ఉంది.

"మందు ఎందుకాపినవ్ అత్తమ్మా?"

"నేనాపుడేంది? దేవుడాపిండు."

"దేవుడు మన వంటింట్లకొచ్చి సీసా పక్కకు పెట్టిండా?"

"నోరు మంచిగ పెట్టుకో. నాలుగు బుక్కులు చదివినవని దేవునికే పాఠం చెప్తవా?"

"జరుగు. తాపాలె."

"ఇప్పుడు తాపితే సంఘం ముంగట నేను అబద్ధమాడినట్లయితది."

"ఆడినవ్ గదా."

రాత్రంతా క్యాబ్ నడిపి అప్పుడే నిద్ర లేచిన మా ఆయన గుమ్మంలో నిలబడి, "జర మెల్లగ. కిందింటోళ్ళు వింటరు" అన్నాడు. బిడ్డ ప్రాణం మీదికి వస్తుంటే ఆయనకు కిందింటివాళ్ళ చెవులు గుర్తొచ్చాయి. అది ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

ముందు గదిలో స్టీలు పళ్ళెం కింద పడ్డ చప్పుడైంది. మా చిన్నది పరుగెత్తుకొచ్చి నా చీర పట్టుకుంది. నాలుగేళ్ళ పిల్ల, మాట రాలేదు.

పెద్దది అన్నం మెతుకుల మధ్య పడి కొట్టుకుంటోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మెడ దగ్గర గుండీ తీశాను. అత్తమ్మ అరచేతిలో నూనె పోసుకుని వచ్చి బిడ్డ నోట్లో వేయబోయింది. ఆ చేతిని నెట్టేశాను. నూనె గోడ మీద పడింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆమె మీద చేయి వేయడం అదే మొదటిసారి. ఆమె బిడ్డ తల దగ్గర కూలబడి గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. నేను లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆమె గొంతు పెంచితే నేనూ పెంచాను.

గిన్నెలు తోముతూ ప్రార్థన చేసుకునేదాన్ని నేను. డ్యూటీకి వెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించి చేసుకునేదాన్ని. ఆ నేలమీద మాత్రం ఒక్క మాట దొరకలేదు. "ప్రభువా" అని కూడా అనలేకపోయాను. అంకెలే వచ్చాయి. నలభై దాటాక కూడా లెక్క తప్పలేదు. తప్పితే అందుకోవడానికి నాతో పాటు ఇంకెవరో లెక్కపెడుతున్నట్లు అనిపించింది. శాంతి లేదు, ధైర్యం లేదు, దర్శనం అంతకన్నా లేదు. ఒక అంకె తర్వాత ఇంకో అంకె, అంతే. దేవుడు ఆ ఇంట్లో ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే ఆ లెక్కలో ఉన్నాడనే చెప్తాను. పక్కనే మారుమోగుతున్న ఆ ప్రార్థనలో ఉన్నాడో లేడో నాకు తెలియదు.

నూట పన్నెండు దగ్గర బిడ్డ ఒళ్ళు వదులైంది.

"చూసినవా, ప్రార్థనకు ఆగింది" అంది అత్తమ్మ.

"మందు ఆపితే వచ్చింది" అన్నాను.

మా ఆయన క్యాబ్‌లోనే దవాఖానకు తీసుకెళ్ళాం. అక్కడ తిట్లు తిన్నది నేను. "తల్లివి, నీకు తెలియకుండా ఐదు రోజులు ఎట్లా?" అని డాక్టరమ్మ అడిగింది.  సాయంత్రం దాకా ఉంచుకుని, మందు మళ్ళీ మొదలుపెట్టి పంపించారు.

మేము ఇల్లు చేరేసరికి మా సంఘం పాస్టరు అయ్యగారు, పాస్టరమ్మ వచ్చి కూర్చుని ఉన్నారు. అత్తమ్మ పిలిపించింది. టీ ఇచ్చాను. అయ్యగారు బిడ్డ ఎలా ఉందని అడిగి, అసలు సంగతికి వచ్చారు.

"సంఘమంత సంతోషపడ్డదమ్మా. ఇప్పుడిట్ల అయిందని బయట చెప్తే విశ్వాసులు బలహీనపడుతరు. ఈ మాట మన నడుమనే ఉండనీ."

"అయ్యగారూ, మీ షుగరు గోళీలు బంద్ చేసిండ్రా?"

ఆయన టీ వైపు చూశారు. పాస్టరమ్మే అందుకుంది. "ఎక్కడి బంద్ బిడ్డా! నేను చేతుల పెడితెనే యాదికొస్తది ఈయనకు."

"అది వేరే" అన్నారు అయ్యగారు.

"ఎట్ల వేరే?"

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

చదువుకున్న స్త్రీలలో అహంకారం తీసేయమని ఆయన పది నిమిషాల పాటు దేవునికి చెప్పారు. నేను ఆమేన్ అనలేదు. వాళ్ళు లేచేటప్పుడు ఒక్కటే మాట అన్నాను. వచ్చే ఆదివారం అత్తమ్మ అదే మైకులో నిజం చెప్పాలి, లేకపోతే నేను చెప్తాను.

అత్తమ్మ బ్యాగు సర్దుకుంది. కాటేదాన్‌లో కూతురి ఇంట్లో దింపమని కొడుకుకు చెప్పింది. మెట్ల మీద ఆగి, "ఇగ గా సీసాకే మొక్కు. గా సీసానే నీకు దేవుడు" అంది.

ఆ మాట నన్ను వదలలేదు. నేను కోపంతో అన్నవన్నీ మరిచిపోతున్నాను, ఇది మాత్రం ముల్లులా ఉండిపోయింది. నిజంగా సీసాను నమ్ముకున్నానా? ఆ రాత్రి మందు కొలిచి పోస్తూ, అన్నం ముందు చేసే ప్రార్థనే దాని మీద చేశాను. దీన్ని ఇచ్చావు, స్తోత్రం, దీనితో ఈ బిడ్డ ఒంటికి మేలు చేయి. అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు. ఆమెను క్షమించే ప్రార్థన కూడా చేద్దామని చూశాను. రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టాను. ఎనిమిదింటికి ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. పెద్దది మందు తాగి మూతి తుడుచుకుని, "నాయనమ్మ ఏది?" అంది.

"మీ అత్తోళ్ళింటికి పోయింది."

"నాకు ఫిట్స్ వచ్చినందుకా?"

"కాదు. నేనూ నాయనమ్మా కొట్లాడినం. నువ్వేం చెయ్యలే."

"దేవుడు నన్ను బాగు చెయ్యలేదా మరి?"

"చేస్తున్నడు. రోజుకు రెండుసార్లు. నువ్వు తాగినప్పుడల్లా."

అది మందు కొలిచిన ఖాళీ మూత లోపలికి ఒకసారి చూసింది. తర్వాత చిన్నదాని రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. అక్క మందు ఎవరాపినా నాకు చెప్పాలె. నాయనమ్మ అయినా, అయ్యగారైనా, నాయనైనా.

"ప్రార్థన అయితున్నా లేవాల్నా?" అంది చిన్నది. ప్రార్థనలో కదిలితే తొడపాశం పెట్టిన తల్లిని నేనే మరి.

"అయితున్నా లేవాలె. లేచి, నన్ను గట్టిగ పిలువాలె."