గడియ పెట్టుకున్న కుట్టు గది

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ముందే ఈ మాట చెప్పకపోతే, మిగతాది చదివి ‘ఈమెకు మొదటి నుంచీ పిచ్చే’ అనుకుంటారు. మా చర్చిలో పాస్టరు గారు దయ్యాలను వెళ్ళగొట్టడం గురించి చెబుతుంటే, నేను ఎవరి జాకెట్టుకు చేతులు ఎంత పొడవు పెట్టాలా అని ఆలోచిస్తూ కూచునేదాన్ని. మా అమ్మ మోచేత్తో పొడిచేది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నాకు ముక్కు మీద కోపం. నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. కావాలంటే మా ఆయన్ను అడగండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. బూర్గంపాడు సెంటర్లో ఒక విత్తనాల దుకాణం పైన పెద్ద హాలు ఉండేది. అందులో అయిదు కుట్టుమిషన్లు. మూడు మగవాళ్ళవి, రెండు ఆడవాళ్ళవి. హాలును నడిపేది మస్తాన్ మాస్టరు. ఎవరి మిషన్ వాళ్ళది, ఎవరి గిరాకీ వాళ్ళది. బట్ట కత్తిరించే బల్ల, ఇస్త్రీపెట్టె, మంచినీళ్ళ కుండ మాత్రం అందరివీ. ఇప్పుడు పట్నంలో కంప్యూటర్ల వాళ్ళు ఇలాంటి పద్ధతికే ఏదో గొప్ప పేరు పెట్టుకున్నారట. మాకు అది ఉత్త హాలు.

నా పక్క మిషన్ నాగమణిది. తల్లాడ దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నన్ను సువార్తక్కా అని పిలిచేది. మెత్తటి మనిషి. ఎవరైనా ఒక మాట అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది తప్ప ఎదురు చెప్పదు. రెండేళ్ళు పక్కపక్కన కూచుని కుట్టాం. మా ఇంటి క్రిస్మస్ కేకు వాళ్ళింటికి పోయేది, వాళ్ళ బతుకమ్మ సద్దులు మా ఇంటికి వచ్చేవి. నా తోడబుట్టిన చెల్లెలితో కూడా నాకు అంత చనువు లేదు.

హాలుతో ఒకటే చిక్కు. ఆడవాళ్ళ కొలతలు తీసుకోవడానికి చాటు లేదు. ఎవరొచ్చినా ఆది జాకెట్టు ఇచ్చి పోవాల్సిందే. ఆ పాత జాకెట్టును చూసుకుని కొత్తది కుట్టేవాళ్ళం. పెళ్ళికూతుళ్ళకు అలా కుదరదు. అందుకని నాగమణి మూలన చీర అడ్డం పట్టుకుంటే, నేను వెనకాల నిలబడి టేపు పెట్టేదాన్ని. ఒకరోజు అలా పట్టుకుని ఉండగా, ప్యాంటు కోసం వచ్చినవాడొకడు మెడ సాచి చీర వెనక్కి తొంగి చూశాడు. బయటికొచ్చి వాడి మూతి మీద ఒక్కటిచ్చాను. పెదవి చిట్లి, చొక్కా మీద రక్తం కారింది. కొట్టిన చేతిలో కత్తెర ఉందని తర్వాత చూసుకున్నాను.

మస్తాన్ మాస్టరు నన్నే తిట్టాడు. “గిరాకీని కొడ్తె హాలెట్ల నడుస్తదమ్మా? గంత కోపమున్నదానివి సొంతంగ రూమ్ తీస్కో,” అన్నాడు.

నేను ఊరుకుంటానా! “తీస్కుంట. మళ్ళ నీ మెట్లెక్కితే చెప్పుతోని కొట్టు మాస్టరూ,” అన్నాను.

నాగమణికి అసలు ఇష్టం లేదు. “అక్కా, ఈడ నలుగురి మధ్యల ఉన్నం. ఏమన్నయితే సూసెటోళ్ళుంటరు. గదిల మనిద్దరమే ఎట్లుంటం?” అని రెండు రోజులు బతిమాలింది. నేను వినలేదు. నా పంతం కోసమే నా వెంట వచ్చింది.

బస్టాండు వెనక, ఎరువుల బస్తాలు పెట్టుకోవడానికి ఒక పెద్దాయన కట్టించిన గది కిరాయికి దొరికింది. ఒక తలుపు, లోపల ఇనుప గడియ, పైన చిన్న కిటికీ. పక్కనే టీ కొట్టు. గడియ పెట్టుకుంటే కొలతలు తీసుకోవడానికి ఎవరి భయమూ లేదు. నాకు ఆ గడియ చూసే ముచ్చటేసింది.

మొదటి రోజు మేమొక పని చేయలేదు. ఆమె పాలు పొంగించి కొబ్బరికాయ కొడదామనుకుందట. నేను ఏమనుకుంటానోనని మానుకుంది. నేను పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయిద్దామనుకున్నాను. ఆమె చిన్నబుచ్చుకుంటుందని నోరు మూసుకున్నాను. ఇద్దరం మర్యాదలకు పోయి, ఏమీ చేయకుండానే తాళం తీసి మిషన్లు తొక్కడం మొదలుపెట్టాం. తర్వాత ఊళ్ళో అందరూ ఆ ముక్కే పట్టుకున్నారు. నాకైతే అది కారణమని ఇప్పటికీ అనిపించదు.

నాలుగో రోజు, ఉదయం పదకొండు గంటలప్పుడు, వంగి అంచు కుడుతుంటే నా తల వెనక ఫెడీమని దెబ్బ పడింది. నుదురు పోయి మిషన్‌కు కొట్టుకుంది. నా వేలు సూది కిందికి పోయింది. సూది గోరులో నుంచి దిగి అవతలికి వచ్చింది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి వేలు బయటికి తీసుకున్నాను. తిరిగి చూస్తే నాగమణి ఆరడుగుల అవతల తన మిషన్ తొక్కుతోంది.

“కొట్టినవేందే?” అని అరిచాను.

“నేనేడ కొట్టినక్కా? నా కాలు మిషన్ మీదనే ఉంది గదా,” అంది బిత్తరపోయి.

నమ్మలేదు నేను. రెండు రోజులు ముఖం మాడ్చుకుని కుట్టాను. మూడో రోజు నాగమణి ఏడుస్తూ తన వీపు చూపించింది. తను తలుపు వైపు తిరిగి దారం ఎక్కిస్తుంటే, వెనక నుంచి అరచేతి దెబ్బలు పడ్డాయట. నేనేననుకుని అడగలేక ఊరుకుందట. జాకెట్టు పైకెత్తి చూస్తే, తెల్లటి వీపు మీద అయిదు వేళ్ళూ నల్లగా కమిలి ఉన్నాయి.

మేము కుట్టేవాళ్ళం. ఏదైనా టేపుతో కొలిస్తేనే మాకు తృప్తి. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఆ అచ్చు ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చింది. నా చెయ్యి ఎంత సాచినా ఏడు. నాగమణిది ఆరున్నర. ఆ రోజు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నా మీద అనుమానం పోయినందుకు ఆమె, ఆమె మీద అనుమానం పోయినందుకు నేను పట్టుకుని ఏడ్చాం.

గది పెద్దాయన్ను పోయి అడిగాను. “బస్తాలు తప్ప మనిషి పండుకున్న గది గాదమ్మా అది. అంతకుముందు బీడు. ఎవలు జచ్చిందీ లేదు, ఎవలు కొట్టుకున్నదీ లేదు,” అన్నాడు. ఆయన అబద్ధమాడాల్సిన పని లేదు. చుట్టుపక్కల వాకబు చేస్తే కూడా అదే మాట చెప్పారు.

మరి అప్పుడే ఎందుకు బయటపడలేదు అంటారు. ఎక్కడికి పోవాలి? చెప్పుతో కొట్టమని చెప్పి వచ్చినదాన్ని నేనే కదా. “ఇంకో పది రోజులు చూద్దాం, పెళ్ళిళ్ళ బట్టలు అయిపోనియ్యి,” అన్నాను. నాగమణి తల ఊపింది. అది నా తప్పు. ఇందులో వేరే ఎవరి తప్పూ లేదు.

ఆ పది రోజుల్లో మా ఒంటి మీద ఖాళీ లేదు. చెంపలు వాచేవి. ఒకసారి నా కడుపులో తన్ను పడి, తిన్నదంతా కక్కుకున్నాను. ఇంట్లో మా ఆయనకు మెట్ల మీద జారానని చెప్పాను. గిరాకీ లోపల ఉన్నంతసేపు ఏమీ జరిగేది కాదు. ఇద్దరమే ఉండి, గడియ వేసి ఉన్నప్పుడే జరిగేది. గడియ తీసి కుట్టుకుందామంటే, బయట టీ తాగే మగవాళ్ళు లోపలికి చూస్తూ నిలబడేవాళ్ళు.

చివరి రోజు బుధవారం. పొద్దున నాగమణి ఒక పెళ్ళికూతురు పట్టు జాకెట్టుకు మెడ లోతు ఎక్కువ కోసేసింది. ఆ గుడ్డ మళ్ళీ దొరికేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి లేవబోయింది కూడా. ఆమె ఒంటి మీది కమిలిన మచ్చలు చూసి దించుకున్నాను. మాట్లాడకుండా మూలకు పోయి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు కావస్తోంది. గడియ వేసే ఉంది.

“అక్కా!” అని ఒక కేక వినిపించింది.

తిరిగేసరికి నాగమణి మిషన్ ముందు మోకాళ్ళ మీద ఉంది. ఆమె జడ ముందుకు, తాడులా బిగిసి ఉంది. అవతలి కొస పట్టుకున్నవాళ్ళు లేరు. చూస్తుండగానే ఆమె తల పోయి మిషన్ చక్రానికి తగిలింది. మళ్ళీ వెనక్కి లేచి మళ్ళీ తగిలింది. ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగెత్తి, వెనక నుంచి ఆమె నడుము రెండు చేతులా వాటేసుకుని గుంజాను. నేను మూటలు మోసినదాన్ని, నా బలం నాకు తెలుసు. అటువైపు గుంజే బలం నాకు రెండింతలుంది. మూడోసారి తగిలినప్పుడు ఎముక పగిలిన చప్పుడు విన్నాను. రక్తం నా నోట్లో పడింది. చేతులు వదిలి గడియ తీయడానికి పోతే ఆమె తల పచ్చడవుతుంది. అందుకే వదలలేదు. గొంతు చినిగేలా అరిచాను.

టీ కొట్టు ఆయన, ఇంకో ఇద్దరు కలిసి తలుపును తన్ని తన్ని గడియ ఊడగొట్టారు. తలుపు తెరుచుకున్న క్షణంలో అటువైపు పట్టు వదిలేసింది. ఇద్దరం వెల్లకిలా పడి దొర్లాం. లోపలికి వచ్చినవాళ్ళకు కనిపించింది ఇదీ: కింద నాగమణి, స్పృహ లేదు, ముఖం నిండా రక్తం. ఆమె మీద నేను. నా చేతి వేళ్ళకు ఆమె వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఎలా చుట్టుకున్నాయో నాకు తెలియదు.

“అయ్యో, సంపిందిరో!” అని ఎవరో అన్నారు. కస్టమరు మూతి పగలగొట్టినదాన్ని కదా, వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆటోలో వేసుకుని వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. నన్నూ అదే ఆటోలో కూచోబెట్టారు, పారిపోకుండా. నాగమణి భర్త లింగయ్య జామాయిల్ కర్ర లారీ నడిపేవాడు. కబురు తెలిసి సాయంత్రానికి వచ్చాడు. వస్తూనే నన్ను జుట్టు పట్టి దవాఖానా మెట్ల మీదుగా కిందికి ఈడ్చి, పక్కటెముకల్లో తన్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి కొట్టించుకుంటూ ఊరుకున్నాను. లింగయ్య రాయి అందుకున్నప్పుడు అడ్డం వచ్చింది, కబురు విని దవాఖానాకు చేరుకున్న మస్తాన్ మాస్టరు.

“ఆగు లింగయ్యా! రెండేండ్లు నా కండ్ల ముందట కూసున్నరు ఇద్దరు. ఒక్కనాడు గూడ ఈమె ఆ పిల్ల మీద చెయ్యెత్తలే. పిల్ల కండ్లు తెర్వనీ, ఆమె ఏం జెప్తదో ఇని అప్పుడు కొట్టు,” అన్నాడు.

దవాఖానా వాళ్ళు పిలిపించిన పోలీసాయన కూడా అదే మాట అన్నాడు. ఆ రాత్రంతా బెంచీ మీద కూచున్నాను. హాల్లో అయితే ముగ్గురు చూసి ఉండేవాళ్ళు. ఇక్కడ చూసినది నేను, చెప్పాల్సినది ఆమె. బతుకుతుందో లేదో తెలియదు. బతికితే నన్ను జైలుకు పంపుతుందో లేదో తెలియదు. ముందు ఆమె బతకాలని ప్రార్థన చేశాను. రెండోదాని కోసం కూడా ప్రార్థించాలని ఆ రాత్రి నాకు నిజంగా తోచలేదు.

తెల్లారి ఆమె కళ్ళు తెరిచింది. పోలీసాయన అడిగితే, “కండ్లు తిరిగి మిషన్ మీద పడ్డ. అక్క లేపుతాంది,” అంది. ఎన్నిసార్లు తిప్పి అడిగినా అదే చెప్పింది. ఎవరూ నమ్మలేదు గాని, నన్ను వదిలేశారు.

కుట్లు విప్పాక వాళ్ళింటికి పోయాను. అత్తగారు గడప దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నాగమణే గోడ పట్టుకుని నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి మంచం మీద కూచుంది. అత్తగారు నీళ్ళకని లోపలికి పోగానే అడిగాను. “నిజం చెప్పే. నన్ను కాపాడేటందుకు పడ్డనని చెప్పినవా?”

“నడుము పట్టుకొని ఎనక్కి గుంజింది నువ్వే అక్కా. నీ గోర్ల గాట్లు ఇంక మానలే,” అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాను. మెల్లగా వెనక్కి తీసుకుంది.

“జడ పట్టి కొట్టింది గూడ నువ్వే,” అంది. “నా ఎదురుంగ నిలబడ్డవ్. గదే చీర. నీ మొఖమే. పండ్లు కొరుక్కుంట కొట్టినవ్.”

“ఒక్కదాన్ని ఇద్దరెట్లయితనే?”

“నాకెర్కలే అక్కా. గిది పోలీసాయనకు ఎట్ల చెప్పాలె?”

నేను అబద్ధమంటానని ఆమె ఎదురు చూసింది. ఎనిమిదిన్నర అంగుళాల చెయ్యి నాది కాదు. ఆమె జడ అవతల నాకు ఎవరూ కనిపించలేదు. కానీ ఆ పూట నాకు ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చిన మాట కూడా నిజం. ఈ మూడింటినీ ఎన్నిసార్లు కలిపి చూసుకున్నా నాకు లెక్క కుదరలేదు.

మస్తాన్ మాస్టరు కాళ్ళ మీద పడి హాలుకు తిరిగి వెళ్ళాను. ఆయన నా మిషన్‌ను పాత చోటే పెట్టించాడు. నెల తర్వాత నాగమణి కూడా వచ్చింది. ఇప్పుడు మా ఇద్దరికీ పని బాగానే ఉంది. సొంత షాపు పెట్టుకోరాదా అని అడిగేవాళ్ళు ఏడాదికి ఒక్కరైనా ఉంటారు. నేను వద్దంటాను. ఎందుకో చెప్పను.

మునుపటిలాగే పక్కపక్కన కూచుంటాం, నవ్వుకుంటాం, కూరలు మార్చుకుంటాం. ఆమె కూతురు పెళ్ళి జాకెట్టు నా చేత్తోనే కుట్టాను. కానీ మధ్యాహ్నం మగవాళ్ళు ముగ్గురూ టీకి దిగుతుంటే, నాగమణి కుట్టేది ఆపేసి వాళ్ళ వెనకే మెట్లు దిగుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాతో ఒంటరిగా ఆ హాల్లో ఉండలేదు. నేనూ ఆమెను ఉండమని అడగలేదు.